బీఓఎస్‌లో మెచ్చుకోవలసింది థ్రెడ్లను కాదు

బీఓఎస్ అనే 1990ల నాటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక మనిషి వివరాలు దాచుకుంటే అది ఒక ఫైలు అవుతుంది. డబుల్ క్లిక్ చేస్తే పేరు, ఫోన్ నంబరు, ఈమెయిలు, చిరునామా అన్నీ కనబడతాయి. సైజు చూస్తే 0 బైట్లు. ఫైలు కడుపులో ఏమీ లేదు, ఉన్నదంతా దాని ఒంటికి కట్టిన చీటీల్లో ఉంది. ఆ చీటీలను యాట్రిబ్యూట్లు అంటారు. బ్రౌజరులో దాచుకున్న బుక్‌మార్కూ అంతే, 0 బైట్లే.

ఈ సిస్టం ప్రస్తావన ఎక్కడొచ్చినా ఈ ఫైలు ఊసు చివర్లో వస్తుంది, లేదా రానే రాదు. ముందు వచ్చేది ఆ డెమో: గిరగిరా తిరిగే ఘనం, దాని ముఖాల మీద ఆడుతున్న వీడియోలు, పక్కన ఇంకో నాలుగు ప్రోగ్రాములు, అయినా మౌస్ ఎక్కడా తడబడదు. దాని వెనకాలే "ప్రతి విండోకూ ఒక థ్రెడ్" అనే మాట (థ్రెడ్ అంటే ప్రోగ్రాములో మిగతావాటితో పాటే విడిగా నడిచే ఒక పని పాయ), ఆ వెనకాలే "మైక్రోసాఫ్ట్ చంపేసింది" అనే నిట్టూర్పు. పాతికేళ్లుగా ఇదే కథ నడుస్తోంది. నా అభిప్రాయం వేరు. జనం వేనోళ్ల పొగిడే థ్రెడ్ల డిజైను ప్రోగ్రాములు రాసేవాళ్ల నెత్తిన పెట్టిన బరువు. నిజంగా పోగొట్టుకున్నది ఆ సున్నా బైట్ల ఫైలును.

ముందు చరిత్ర, క్లుప్తంగా. యాపిల్‌లో పెద్ద పదవిలో ఉన్న ఫ్రెంచివాడు ఝాఁ లూయీ గాసే 1990లో బయటికొచ్చి, స్టీవ్ సకోమన్‌తో కలిసి 'బీ' అనే కంపెనీ పెట్టాడు. బీఓఎస్ వాళ్లదే. మొదటి నమూనా యంత్రంలో ఏటీ అండ్ టీ వారి హాబిట్ ప్రాసెసర్లు రెండు, వాటికి తోడు సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్పులు మూడు. ఏటీ అండ్ టీ ఆ హాబిట్‌నే ఆపేసింది. దాంతో అంతా విప్పి పవర్‌పీసీ 603 మీద మళ్లీ కట్టారు. 1995 అక్టోబరులో బీబాక్స్ బయటికొచ్చింది: 66 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్లు రెండు, తర్వాతి మోడల్లో 133 మెగాహెర్ట్జ్‌వి రెండు. ముందు పలకకు రెండు వైపులా నిలువుగా లైట్ల వరసలు, ఏ ప్రాసెసరు ఎంత పని చేస్తోందో అవి చెబుతాయి. వెనక 37 పిన్నుల గీక్‌పోర్ట్, ఇంట్లో చేసుకున్న సర్క్యూట్లను నేరుగా తగిలించుకోవడానికి. చెప్పాలంటే 603 అనేది రెండేసి ప్రాసెసర్లు పెట్టి వాడుకోమని చేసిన చిప్పే కాదు. రెండు క్యాషెలు (ప్రాసెసరు తన దగ్గరే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీలు) ఒకే డేటాను పంచుకునే స్థితి దాని హార్డ్‌వేరులో లేదు. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి కావాలంటే మొదటివాళ్లు వదులుకోవాల్సిందే. అలాంటి దానితో రెండు తలల యంత్రం చేశారు. మొత్తం మీద తయారైనవి దాదాపు 1,800. 1997 జనవరిలో హార్డ్‌వేరు వ్యాపారం మూసేశారు.

రెండు ప్రాసెసర్లు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు అన్న పట్టుదలే థ్రెడ్ల డిజైనుకు మూలం. ఎలా పనిచేస్తుందంటే: ప్రోగ్రాముకు ఒక థ్రెడ్. అది తెరిచే ఒక్కో విండోకూ ఒక్కో సొంత థ్రెడ్. స్క్రీను మీద బొమ్మ గీసే యాప్ సర్వర్‌లో ఆ విండోకు జతగా ఇంకొకటి. అంటే మూడు విండోల చిన్న ప్రోగ్రాము కూడా, రాసినవాడు అడగకుండానే, ఏడు థ్రెడ్లు నడుపుతుంది. ఒక్కో విండోకూ ఒక మెసేజ్ క్యూ (సందేశాల వరస), ఒక లాక్ (ఒకసారి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే తాళం). క్లిక్, కీ నొక్కడం, సైజు మారడం అన్నీ మెసేజ్‌లుగా ఆ క్యూలోకి వస్తాయి. విండో థ్రెడ్ తన లాక్ పట్టుకుని ఒక్కో మెసేజ్‌నే తీసి పని చేస్తుంది.

చదవడానికి ముచ్చటగా ఉంది. ఇప్పుడు ఒక మామూలు మ్యూజిక్ ప్లేయరు రాద్దాం. ప్లేయరు విండో ఒకటి, ప్లేలిస్టు విండో ఒకటి. పాట అయిపోయింది. ప్లేయరు తన లాక్ చేతిలో ఉంచుకునే, తర్వాతి పాట ఏదో చూడటానికి ప్లేలిస్టు లాక్ కోసం ఆగింది. సరిగ్గా అప్పుడే వాడేవాడు ప్లేలిస్టులో ఇంకో పాట మీద నొక్కాడు. ప్లేలిస్టు తన లాక్ పట్టుకుని ప్లేయరు లాక్ కోసం ఆగింది. ఇక రెండూ కదలవు. మిగతా సిస్టమంతా నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. ఈ రెండు విండోలు మాత్రం గోడకు అతికించిన బొమ్మల్లా ఉండిపోతాయి. ఇంకా చేదు సంగతి, ఒకే ప్రాసెసరున్న మెషీన్ మీద నెలలు తరబడి పరీక్షించినా ఇది బయటపడకపోవచ్చు. కొన్నవాడి రెండు ప్రాసెసర్ల మెషీన్‌లో మొదటి రోజే తగలవచ్చు.

తప్పించుకునే పద్ధతులు ఉన్నాయి, బీ వాళ్లే చెప్పేవారు. ఇంకో విండోలోని ఫంక్షన్‌ను నేరుగా పిలవకండి, మెసెంజర్ ద్వారా మెసేజ్ పంపండి. జవాబు కావాలంటే అక్కడే నిలబడి ఎదురు చూడకండి, అది కూడా మెసేజ్‌గానే తిరిగొచ్చేట్టు రాసుకోండి. రెండు లాక్‌లు తప్పనిసరైతే ప్రోగ్రామంతటా ఒకే వరసలో పట్టండి. వరస కుదరకపోతే గడువు పెట్టి అడగండి, దొరక్కపోతే చేతిలో ఉన్నదీ వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. విండో ఆబ్జెక్టును ఎప్పుడూ డిలీట్ చేయకండి. దాని థ్రెడ్ ఇంకా బతికే ఉంటుంది కాబట్టి, క్విట్ ఫంక్షన్‌ను పిలిచి దాని చావు దాన్నే చావనివ్వండి.

ఇవన్నీ బుద్ధిగా పాటించాక చేతిలో మిగిలేది ఏమిటో చూడండి. ఒకదాన్నొకటి ముట్టుకోకుండా మెసేజ్‌లు మాత్రమే పంపుకునే విండోలు. ఉమ్మడి డేటా అంతా ఒకే ఒక థ్రెడ్ చేతిలో. అలాంటప్పుడు విండోకో థ్రెడ్ వల్ల కలిసొచ్చింది ఏమిటి? ఒక విండో బిజీగా ఉన్నా పక్క విండో స్పందించడం, అంతే. బిజీగా ఉన్న విండో ఎలాగూ బిగుసుకుపోతుంది. దాని మెసేజ్ ఫంక్షన్‌లో పెద్ద ఫైలు చదవడం మొదలుపెడితే బీఓఎస్ అయినా కాపాడదు, ఆ పనికి వేరే థ్రెడ్ మనమే పుట్టించుకోవాలి.

మౌస్ తడబడకపోవడానికి అసలు కారణం కొంత షెడ్యూలరులో, అంటే ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో తేల్చే భాగంలో ఉంది. ఒక థ్రెడ్‌కు ఇచ్చే వంతు 3 మిల్లీసెకన్లు. మామూలు ప్రోగ్రాము థ్రెడ్ ప్రయారిటీ 10, తెరకు సంబంధించినవి 15, 20. 100, ఆ పైన అయితే రియల్‌టైమ్, ఆడియో లాంటి వాటికి. అత్యధికం 120. ఇక్కడా ఒక గుంట ఉంది. 120 పెట్టిన థ్రెడ్‌లో పొరపాటున ఆగని లూప్ పడితే, ఒకే ప్రాసెసరున్న మెషీన్‌లో ఇంకెవరికీ వంతు రాదు. ప్లగ్గు పీకడమే గతి. బెనాఫోర్ అనే ఇంకో చక్కటి చిట్కా కూడా బీ ఇంజినీర్ బెనువా షిల్లింగ్స్ పేరుతోనే స్థిరపడింది. సెమఫోర్ అంటే కర్నల్ (సిస్టమ్ గుండెకాయ) నడిపే తాళం, దాని ముందు ఒక లెక్క పెట్టుకోవాలి. లాక్ కావాలనుకున్నవాడు దానికి ఒకటి కలుపుతాడు, కలపకముందు 0 ఉంటే లాక్ తనదే, కర్నల్ దాకా వెళ్లే పనే లేదు. 0 కాకపోతేనే సెమఫోర్ దగ్గర నిలబడాలి. గుమ్మంలో చెప్పులు లేకపోతే తలుపు తట్టకుండా లోపలికి వెళ్లిపోవడం లాంటిది.

థ్రెడ్ల సంగతిలో నేను తీర్పు చెప్పనక్కర్లేదు, ఆ ఇంజినీర్లే తర్వాత చేసి చూపించారు. బీలో మొదలైన బైండర్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) పని అక్కడి మనుషులతో పామ్ కంపెనీకి, అక్కడినుంచి ఆండ్రాయిడ్‌కు వెళ్లింది. డయాన్ హాక్‌బోర్న్ ఆ మూడు చోట్లా పనిచేసింది. ఆండ్రాయిడ్‌లో లూపర్, హ్యాండ్లర్, మెసేజ్ అనే పేర్లు చూసినవాడికి బీఓఎస్ గుర్తుకు రాక మానదు. కానీ ఆండ్రాయిడ్‌లో మామూలుగా తెరను ముట్టుకునే థ్రెడ్ ప్రాసెస్ మొత్తానికి ఒక్కటే. వేరే థ్రెడ్ నుంచి బటన్ మీది అక్షరం మార్చబోతే, తప్పు థ్రెడ్ నుంచి పిలిచావంటూ యాప్ పడిపోతుంది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఆండ్రాయిడ్ యాప్ రాసే ప్రతి కుర్రాడికీ ఆ ఎర్ర అక్షరాల పరిచయం ఉంటుంది. మెసేజ్ క్యూను తెచ్చుకున్నారు, విండోకో థ్రెడ్‌ను అక్కడే వదిలేసి వచ్చారు.

బీఓఎస్ వేగానికి ఇంకో కారణం, అందులో లేనివి. యూజర్లంటూ వేరువేరుగా లేరు. టెర్మినల్ తెరిచి నువ్వెవరని అడిగితే ఎవరికైనా 'బారన్' అనే వస్తుంది, ఆ బారన్ దొరగారికి అడ్డు చెప్పే పర్మిషన్లు లేవు. నెట్‌వర్కింగ్ కర్నల్ బయట ఒక సర్వర్‌గా ఉండేది. దానివల్ల సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షను) అనేది యూనిక్స్‌లోలా ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు ఇచ్చే నంబరు) కాదు. మామూలు రీడ్, రైట్ దాని మీద పనిచేయవు, మూయడానికి వేరే ఫంక్షన్, ఫైళ్లనూ సాకెట్లనూ కలిపి ఒకే సెలెక్ట్‌తో కనిపెట్టుకుని ఉండటం కుదరదు. యూనిక్స్ నుంచి సర్వర్ ప్రోగ్రాములు తెచ్చుకుందామన్నవాళ్లకు మొదటి దెబ్బ అక్కడే తగిలేది. కర్నల్ లోపలికి తెచ్చిన కొత్త నెట్‌వర్కింగ్, 'బోన్', తయారైంది గానీ అధికారికంగా విడుదల కాలేదు. ఫైలును మెమరీలో పరిచే ఎమ్‌మ్యాప్ లేదు. థ్రెడ్లు పుట్టించాక ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రాముకు నకలు తీసే పిలుపు) వాడితే ఏమవుతుందో చెప్పలేం. ఫైల్ క్యాషె సైజు బూట్ అయినప్పుడే ఖరారు, తర్వాత పెరగదు తరగదు. 1 జీబీ మించి ర్యామ్ ఉన్న మెషీన్లో ఆర్5 (అయిదో విడుదల) బూట్ కావడానికే మొరాయిస్తుంది. ఇవన్నీ ఉండి కూడా పది పదిహేను సెకన్లలో బూట్ అయితే అద్భుతం అనేవాణ్ని. లేకుండా అయింది కాబట్టి బాగుంది అంటాను. (ఆ డాక్యుమెంటేషను రాసినవాళ్లకు మాత్రం నా ఓటు. కంప్యూటర్ ఆన్‌లో ఉందా అని అడిగే ఫంక్షన్ ఒకటి నిజంగానే ఉండేది. ఆన్‌లో ఉంటే 1 ఇస్తుంది, లేకపోతే ఏమిస్తుందో నిర్వచించలేదు అని రాశారు.)

ఇక ఫైళ్ల దగ్గరికి వద్దాం.

బీఓఎస్ మొదట్లో ఫైల్ సిస్టమ్‌తో పాటు వేరే డేటాబేసు ఒకటి నడిపేది. ఫైలు ఒక చోట, దాని వివరాలు ఇంకో చోట. రెండూ ఒకదానితో ఒకటి పొసగక తంటాలు వచ్చేవి. 1996 సెప్టెంబరులో డొమినిక్ జంపాలో, సిరిల్ మ్యూరిలాన్ కొత్తది మొదలుపెట్టి దాదాపు పది నెలల్లో పూర్తి చేశారు. దాని పేరు బీఎఫ్‌ఎస్. 64 బిట్లు, జర్నలింగ్ (చేయబోయే మార్పులను ముందే ఒక చిట్టాలో రాసుకోవడం). కరెంటు పోయి వచ్చాక డిస్కంతా గంటసేపు తనిఖీ చేసుకునే పని లేదు, జర్నల్ చదువుకుని లేస్తుంది. ఒక జాగ్రత్త: జర్నల్ కాపాడేది ఫోల్డర్లు, ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలుండే బ్లాకులు) లాంటి నిర్మాణాన్ని మాత్రమే. సగం రాసిన ఉత్తరంలోని అక్షరాలకు పూచీ లేదు.

ఏ ఫైలుకైనా ఎన్ని యాట్రిబ్యూట్లయినా తగిలించవచ్చు. ఒక్కోదానికీ పేరు, రకం, విలువ ఉంటాయి. చిన్నవి ఐనోడ్ బ్లాకులో మిగిలిన జాగాలోనే ఇమిడిపోతాయి, కాబట్టి వాటిని చదవడానికి డిస్కు ఇంకోసారి తిరగనక్కర్లేదు. పెద్దవి వేరే చోటికి పోతాయి. కావాలనుకున్న యాట్రిబ్యూట్‌కు ఇండెక్స్ కట్టవచ్చు. అది బీ ప్లస్ ట్రీ అనే చెట్టు ఆకారపు సూచిక, ఫైల్ సిస్టమ్ లోపలే ఉంటుంది. పేరు, సైజు, చివరిసారి మార్చిన సమయం, ఈ మూడింటికీ ఇండెక్స్ ముందే సిద్ధం.

పాటల పోగు ఉందనుకోండి. పాడినవారు, సంగీతం, రాగం అని మూడు యాట్రిబ్యూట్లు పెట్టి, మూడింటికీ ఇండెక్స్ కట్టి, "పాడినవారు ఘంటసాల, రాగం మోహన" అని క్వెరీ (వెతుకులాట ప్రశ్న) ఇస్తే ఫలితం ఒక ఫోల్డరులా తెరుచుకుంటుంది. పాటలు ఏ మూల ఫోల్డర్లలో ఉన్నా సరే. అది తెరిచి ఉండగానే ఇంకో పాటకు 'మోహన' అని తగిలిస్తే, ఆ పాట వచ్చి ఈ విండోలో వాలుతుంది. మళ్లీ వెతకమని చెప్పనక్కర్లేదు, ఫైల్ సిస్టమే మెసేజ్ పంపుతుంది. మెయిల్ ప్రోగ్రాము అయితే మరీ చిన్నది. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, పంపినవారు, విషయం, చదివామా లేదా అన్నవి యాట్రిబ్యూట్లు. ఇన్‌బాక్స్ అంటే "ఇంకా చదవనివి" అనే క్వెరీ. ఉత్తరాల జాబితా చూపించే విండో విడిగా రాయనే లేదు, మామూలు ఫోల్డరు విండోనే ఆ పని చేసేది.

ఇందులో జారిపడే చోట్లూ ఉన్నాయి, అవి తెలియకుండా పొగిడితే మళ్లీ అదే తప్పు. ఇండెక్స్ కట్టకముందు తగిలించిన యాట్రిబ్యూట్లు అందులోకి రావు. వేయి పాటలకు చీటీలు కట్టాక ఇండెక్స్ గుర్తొస్తే, ఆ వేయి ఫైళ్లనూ కాపీ చేసి పాతవి తీసేయాలి, లేదా చీటీలు తిరిగి రాయాలి. క్వెరీలో కనీసం ఒక్క షరతైనా ఇండెక్స్ ఉన్నదాని మీద ఉండాలి. ఇండెక్స్ ఏ పార్టిషను మీద కడితే దానికే, రెండో డిస్కుకు మళ్లీ కట్టుకోవాలి. వెతికే మాట నక్షత్రం గుర్తుతో మొదలైతే ఇండెక్సంతా మొదటినుంచి చివరిదాకా నడవాలి. ఫైలు పుట్టినా పోయినా మూడు నాలుగు చెట్లు సవరించాలి కాబట్టి, వేల కొద్దీ చిన్న ఫైళ్లను తుడిచేటప్పుడు మిగతా సిస్టమ్‌ల కంటే వెనకబడుతుంది. హార్డ్ లింకులు లేవు. అన్నిటికన్నా పెద్ద గొయ్యి, ఊరు దాటితే చీటీలు ఊడిపోవడం. ఫ్యాట్ డిస్కు మీదికి కాపీ చేసినా, ఎఫ్‌టీపీలో పంపినా, మామూలు టార్‌లో కట్టినా యాట్రిబ్యూట్లు పోతాయి. మొదట్లో చెప్పిన మనిషి ఫైలు అలా వెళితే అవతల చేరేది ఒక పేరు, 0 బైట్లు. బీ వాళ్ల జిప్ ప్రోగ్రాము యాట్రిబ్యూట్లను కూడా మూటగట్టేది. అందుకే బీఓఎస్ వాళ్లు ఏది ఇచ్చినా జిప్ చేసే ఇచ్చేవారు.

తెలుగు సంగతి ఇక్కడే చెప్పాలి. విండోస్ 95, 98 కోడ్ పేజీలతో (భాషకో అక్షరాల పట్టికతో) కుస్తీ పడుతున్న రోజుల్లో బీఓఎస్ ఫైళ్ల పేర్ల నుంచి బటన్ల దాకా అంతా అన్ని భాషలకూ ఒకే పద్ధతైన యూటీఎఫ్-8 వాడింది. అంటే 'ఘంటసాల' అని యాట్రిబ్యూట్‌లో పెడితే చెక్కుచెదరకుండా ఉంటుంది, క్వెరీకి దొరుకుతుంది. ఇంగ్లీషులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా వెతకడానికి ఫైండ్ విండో ప్రతి అక్షరానికీ రెండు రూపాలనూ బ్రాకెట్లలో రాసుకునేది. తెలుగుకు ఆ గోలే లేదు. తెరమీద చూపించడం దగ్గర మాత్రం చేతులెత్తేసేది. ఒక కోడ్‌కు ఒక బొమ్మ గీయడమే దానికి తెలుసు. 'క్ర' అంటే క, పొల్లు, ర మూడూ విడివిడిగా వరసలో నిలబడతాయి, వత్తు కిందికి దిగదు. ఇంకో చిక్కు, ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగు కోడ్ ఒక్కోటీ 3 బైట్లు, కాబట్టి 85 కోడ్‌లు. 'క్ర' ఒక్కదానికే 9 బైట్లు ఖర్చు. పాట పల్లవి మొత్తం ఫైలు పేరుగా పెట్టే అలవాటున్నవాళ్లు లెక్క చూసుకోవాలి.

చావు కథ అందరికీ తెలిసిందే, అయితే ఒక్క హంతకుడి మీద పెట్టేస్తారు. 1996లో యాపిల్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాల్సి వచ్చి బీతో బేరమాడింది. ధర దగ్గర తెగలేదు. డిసెంబరు 20న యాపిల్ నెక్స్ట్ అనే కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది, దానికి పెట్టింది 40 కోట్ల డాలర్ల పైమాటే. గాసే పట్టు వదలకపోవడం గురించే అంతా రాస్తారు. అప్పటి బీఓఎస్‌లో ప్రింటింగే సరిగా లేదని, పాత మ్యాక్ ప్రోగ్రాములు నడిపే మార్గం లేదని కూడా గుర్తుంచుకుంటే యాపిల్ ఎంపిక అంత వింతగా ఏమీ ఉండదు. ఆ తర్వాత యాపిల్ తన జీ3 మెషీన్ల హార్డ్‌వేరు వివరాలు ఇవ్వలేదు. హాబిట్ తర్వాత రెండోసారి కాళ్ల కింద నేల జారింది. 1998 మార్చిలో ఆర్3తో ఇంటెల్ ప్రాసెసర్లకు వచ్చారు. ఆ ఏడాదే ఆర్4లో కంపైలరూ బైనరీ ఫార్మాటూ మార్చడంతో ఆర్3 ఇంటెల్ ప్రోగ్రాములన్నీ తిరిగి కంపైల్ చేయాల్సి వచ్చింది. ఉన్నవే గుప్పెడు ప్రోగ్రాములు, వాటినీ ఏడాది తిరక్కుండా మళ్లీ కట్టమన్నారు.

మైక్రోసాఫ్ట్ పాత్ర అబద్ధం కాదు. హిటాచీ తన ఫ్లోరా ప్రియస్ కంప్యూటర్లలో విండోస్ పక్కన బీఓఎస్ కూడా వేసి అమ్మింది. కానీ విండోస్ లైసెన్సు షరతుల వల్ల బూట్ మెనూ కనబడనివ్వలేదు. కొన్నవాడి డిస్కులో బీఓఎస్ ఉంది, దాన్ని లేపాలంటే బీ సైటులోని సూచనలు చూసి దాచిన పార్టిషను బయటికి తీసుకోవాలి. ఉందని తెలియనివాడు ఎందుకు వెతుకుతాడు? ఉచితంగా ఇస్తామన్నా పెద్ద కంపెనీలు ముందుకు రాకపోవడానికి ఇది చాలు. 2000 మార్చిలో ఆర్5 పర్సనల్ ఎడిషన్‌ను నిజంగానే ఉచితంగా ఇచ్చారు. విండోస్‌లోనే 512 ఎంబీ ఫైలుగా కూర్చుంటుంది, పార్టిషన్లు కోయనక్కర్లేదు. కానీ ఆ జనవరిలోనే కంపెనీ దృష్టి ఇంటర్నెట్ పెట్టెల (నెట్ చూడటానికే చేసిన పరికరాల) మీదికి మళ్లింది. సోనీ ఈవిల్లా వచ్చింది, రెండు నెలల్లో 2001 ఆగస్టుకల్లా వెనక్కి పోయింది. అదే ఆగస్టులో పామ్ కంపెనీ బీ ఆస్తులను 1.1 కోట్ల డాలర్ల షేర్లకు కొంటానంది. మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావా 2003 సెప్టెంబరులో 2.325 కోట్ల డాలర్లకు రాజీ అయింది. ఆస్తులు అమ్మితే వచ్చినదానికి రెండింతలు దావాలో వచ్చింది.

జంపాలో 2002లో యాపిల్‌లో చేరాడు, 2005లో మ్యాక్‌లో ఫైళ్లు వెతికే స్పాట్‌లైట్ వచ్చింది. అక్కడ ఇండెక్స్ ఫైల్ సిస్టమ్ పక్కన విడిగా కూర్చుంటుంది. ఎవరో వెనకనుంచి వచ్చి ఫైళ్లు చదివి నింపుతూ ఉండాలి. అది చెడిపోతే చెరిపేసి మళ్లీ కట్టుకోవచ్చన్నది దాని సుఖం, నిజం ఒక చోట, నకలు ఒక చోట ఉండటం దాని కష్టం. బీఎఫ్‌ఎస్ రాకముందు బీఓఎస్‌లో వదిలించుకున్న బాధ సరిగ్గా ఇదే.

చేతులతో చూడాలనుకుంటే హైకూ ఉంది. 2001లో ఓపెన్‌బీఓఎస్ పేరుతో మొదలై, బీఓఎస్‌ను మొదటినుంచి తిరిగి రాసిన సిస్టం. బీటా 5 2024 సెప్టెంబరులో వచ్చింది. పాత బీఓఎస్ ఇంటెల్ ప్రోగ్రాములు నడపాలంటే 32 బిట్ల ఇమేజ్ తీసుకోవాలి. ఆ అనుకూలత కోసమే అందులో జీసీసీ 2.95 అనే పాత కంపైలరును ఇంకా మోస్తున్నారు, 64 బిట్లలో అది లేదు. యాట్రిబ్యూట్లు చూడటానికే అయితే 64 చాలు. పెన్‌డ్రైవు మీదో వర్చువల్ మెషీన్‌లోనో బూట్ చేసి, ముందు ఇండెక్స్ కట్టండి, తర్వాతే చీటీలు తగిలించండి. వరస తప్పితే మాత్రం బీఓఎస్ రోజుల్లోలా కాపీలు తిప్పనక్కర్లేదు, రీఇండెక్స్ అనే కమాండు ఇచ్చారు.